సీరియల్ మాట్లాడే తెలుగు ఏ ఊరిది?

చెన్నై మెట్రోలో ఉత్తరం వైపు చివరిదాకా వెళ్తూ స్టేషన్ల పేర్లు వింటే తిరువొత్తియూరు చరిత్ర సగం తెలిసిపోతుంది. కాలడిపేట 18వ శతాబ్దం మొదట్లో మద్రాసు గవర్నరుగా పనిచేసిన జోసెఫ్ కాలెట్ నేతగాళ్ల కోసం వేయించిన పేట. తేరడి ఇక్కడి గుడిలో దేవుడైన త్యాగరాజస్వామి తేరు నిలిచే చోటు. విమ్కో నగర్‌కు ఆ పేరు స్వీడన్ వాళ్లు మొదలుపెట్టిన అగ్గిపెట్టెల కంపెనీ నుంచి వచ్చింది. 1955 నుంచి ఇంగ్లండు మోటారు సైకిల్ ఎన్‌ఫీల్డ్ తయారైంది కూడా ఇక్కడే. ఆ బండి జనం నోట్లో పడి బుల్లెట్టు బండి అయింది, పెళ్లి బరాత్ పాటల్లోకీ ఎక్కింది. కాలెట్ దొర ఎవరో కాలడిపేటలో కూరగాయలు బేరమాడే మనిషికి తెలియదు, తెలియనక్కర్లేదు. బయటినుంచి వచ్చిన ప్రతిదాన్నీ ఈ ఊరు తన యాసలో పలికి తనది చేసుకుంది.

ఇప్పుడు బయటి ప్రపంచం ఈ ఊళ్లోకి వస్తున్న దారి వేరు. సాయంత్రం ఆరున్నరకు మొదలై రాత్రి పదిదాకా నడిచే సీరియళ్లలో వస్తోంది. బెంగాలీ కథ, హిందీ పెళ్లి, కొరియా ప్రేమ, కన్నడ కథానాయిక. వీటిని చూసి మన సంస్కృతి పాడైపోతోందని బాధపడేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ పోతున్నది వాళ్లు చూపిస్తున్న చోట లేదని నా నమ్మకం. అది తిరువొత్తియూరులో తెలుగిళ్ల ముందుగదుల్లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ఊరికీ తెలుగుకీ ఉన్న బంధం నిన్నమొన్నటిది కాదు. శిష్యుడు వీణ కుప్పయ్యర్ కోరిక మీద త్యాగయ్య ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కృతులు కట్టారు. వాటినే తిరువొత్తియూరు పంచరత్నాలంటారు. అయిదూ తెలుగే. కుప్పయ్యర్ కొడుకు తన పేరు ముందు ఊరి పేరు పెట్టుకుని తిరువొత్తియూరు త్యాగయ్యర్‌గా ప్రసిద్ధికెక్కాడు, తెలుగులో వర్ణాలు కట్టాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీలకూ రేవుకూ రైల్వేకూ చేపల వేటకూ నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఇక్కడున్నవాళ్లు కలిసి వడచెన్నైలో, అంటే ఉత్తర చెన్నైలో, ఒక తెలుగు తయారైంది. దానిలో నెల్లూరు దీర్ఘాలున్నాయి, చిత్తూరు క్రియలున్నాయి, తమిళం నుంచి వచ్చిన పిలుపులున్నాయి, ఉర్దూ నుంచి వచ్చిన తిట్లున్నాయి.

ఆ తెలుగుకు ఏమవుతోందో కాలడిపేట దగ్గర ఒక ఇంట్లో చూశాను. రాత్రి సీరియల్ నడుస్తోంది. కథానాయిక కాలుజారి పడబోయింది, కథానాయకుడు నడుం పట్టుకుని ఆపాడు, సంగీతం మొదలైంది, ఇద్దరూ అట్లాగే ఉండిపోయారు. ఆ ఇంటి పెద్దావిడ కాసేపు ఓపిక పట్టి అడిగింది.

“ఏమే, ఆ పిల్ల ఇందాకట్నించీ ఆడనే వంగి ఉండాది, దానికేమైంది?”

పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న మనవరాలు తల ఎత్తకుండానే చెప్పింది. “అవ్వా, ఉండాది అనకూడదు. ఉంది అనాలి. ఆడనే కాదు, అక్కడే. టీవీలో వాళ్లు చూడు ఎట్లా మాట్లాడతారో.”

అవ్వ నొచ్చుకోలేదు. “సరేలే తల్లీ” అని ఊరుకుంది. తర్వాత ఆ పూటంతా ఆమె మాట తగ్గించుకుని మాట్లాడింది. మనవరాలి తప్పేమీ లేదు. ఆ పిల్లకు తెలుగు అక్షరాలు రావు. బడిలో తమిళం, ఇంగ్లీషు. తమిళనాడు ప్రభుత్వం 2006లో తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. అది ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి 2015-16కు పదో తరగతిని చేరింది. భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు కోర్టులకు వెళ్లి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చాయి. కానీ ఒక తరం పిల్లలు తెలుగు పుస్తకం తెరవకుండానే పెద్దవాళ్లయ్యారు. వాళ్లకు ఇంట్లో వినే తెలుగు ఒకటి, టీవీలో వినే తెలుగు ఒకటి. రెండిట్లో ఏది ఒప్పో తేల్చి చెప్పే పుస్తకంగానీ పంతులుగానీ లేనప్పుడు మేకప్ వేసుకున్న తెలుగే ఒప్పనిపిస్తుంది.

మరి ఆ టీవీ తెలుగు ఎక్కడిది?

చెన్నై తెలుగువాళ్లకు ఈ ప్రశ్న పాతికేళ్ల కిందటే ఎదురైంది. 1993లో సన్ టీవీ, 1995లో జెమినీ, అదే ఏడాది ఆగస్టులో ఈటీవీ వచ్చాయి. 1999 చివర్లో రాధిక ‘చిత్తి’ సన్ టీవీలో మొదలైంది. రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి తమిళనాడులో వీధులు ఖాళీ అయ్యేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే సీరియల్ ‘పిన్ని’ పేరుతో జెమినీలో తెలుగులో వచ్చింది. రెండు భాషలూ తెలిసిన వడచెన్నై ఇల్లాళ్లకు ఒకే రాధికను రెండు భాషల్లో చూసే అవకాశం దొరికింది. తమిళంలో ఆ పాత్రలు అచ్చం మన పక్కింటివాళ్లలా మాట్లాడేవి. తెలుగులోకి వచ్చేసరికి అదే మనిషి, అదే ఏడుపు, మాట మాత్రం కొంచెం ఇస్త్రీ చేసినట్టుండేది. డబ్బింగ్‌లో పెదవుల కదలికకు సరిపోయే మాట వెతకాలి. తెర మీద పెదవులు మూసుకున్నచోట ప, బ, మ వచ్చే మాట పడాలి. అది కష్టమైన విద్య. రాజశ్రీ, శ్రీరామకృష్ణ లాంటి రచయితలు ఈ నగరంలోనే ఉండి సినిమాల కోసం ఆ విద్యను గొప్ప స్థాయికి తీసుకెళ్లారు. సినిమాకు వారాల సమయం ఉంటుంది. రోజువారీ సీరియల్‌కు అంత తీరిక లేదు. అందుకని ఎవరికీ అభ్యంతరం లేని, ఏ ఊరికీ చెందని ఒక నడిమధ్య తెలుగు అలవాటైంది.

అదే కాలంలో హైదరాబాదులో మంజులా నాయుడు ‘చక్రవాకం’, ఆ వెంటనే ‘మొగలిరేకులు’ తీశారు. 2003 నుంచి 2013 వరకు పదేళ్లపాటు తెలుగిళ్లు ఆ రెండిటి చుట్టూ తిరిగాయి. వాటిలో మనుషులు ఊపిరి తీసుకుని మాట్లాడేవారు. సగం వాక్యం మింగేసేవారు. ఆ దారి విశాలమవుతుందని ఎంతోమంది అనుకున్నాం. కాలేదు. రీమేకుల కాలం వచ్చింది.

రీమేక్ అనేది దానంతట అది చెడ్డది కాదని ముందే చెప్పాలి. ‘కార్తీక దీపం’ మలయాళం ‘కరుత్తముత్తు’ నుంచి వచ్చింది. రెండిట్లోనూ కథానాయిక ప్రేమీ విశ్వనాథే. నల్లటి పిల్లకు జరిగే అవమానం కేరళలో ఎంత నిజమో తెనాలిలోనూ అంతే నిజం, కనుక ఆ కథ ఇక్కడ నిలబడింది, వంటలక్క అనే పిలుపు ఇంటింటి మాటైంది. అదే కథ తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’గా నడిచింది. భర్త చేతిలో విలువ దక్కని నడివయసు ఇల్లాలి కథ 2019లో బెంగాలీ ‘శ్రీమొయీ’గా మొదలై, హిందీలో ‘అనుపమా’, తమిళంలో ‘బాక్యలక్ష్మి’, మలయాళంలో ‘కుటుంబవిళక్కు’, తెలుగులో ‘ఇంటింటి గృహలక్ష్మి’ అయింది. దేశంలో ఇన్ని వంటిళ్లకు ఒకే కథ సరిపోయిందంటే ఆ కథలో సత్తా ఉన్నట్టే.

‘ఇంటింటి గృహలక్ష్మి’లో తులసి పాత్ర వేసిన కస్తూరి చెన్నై నటి. 2024 నవంబరులో చెన్నై ఎగ్మూరు సభలో ఆమె తమిళనాడు తెలుగువారి పూర్వీకుల గురించి అన్న మాటలు పెద్ద దుమారం లేపాయి. కేసు, అరెస్టు, బెయిలు అన్నీ ఆ నెలలోనే జరిగాయి. ఆమె తన మాటలు వెనక్కి తీసుకుంటున్నానని ప్రకటించారు. ఆ వివాదాన్ని మళ్లీ తిరగదోడాలని కాదు. తెలుగు టీవీ తమ గురించి ఎప్పుడూ ఏమీ చెప్పకపోవడం చెన్నై తెలుగువాళ్లకు ఎంత నష్టమో అప్పుడు తెలిసొచ్చింది. తరతరాలుగా ఈ నగరాన్ని కట్టినవాళ్లలో తామూ ఉన్నామని చెప్పుకోవడానికి వాళ్ల చేతిలో ఒక్క సీరియల్ పాత్ర కూడా లేదు. వందల ఎపిసోడ్లు చూసినవాళ్లు ఒక్క ఎపిసోడ్‌లోనైనా కనబడలేదు.

సీరియల్ సెట్‌లో ఏం జరుగుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. రోజుకు ఇరవై నిమిషాలకు పైగా కథ సిద్ధం కావాలి. కథానాయిక బెంగళూరు నుంచో మైసూరు నుంచో వస్తుంది, చాలామందికి మొదట్లో తెలుగు రాదు. కెమెరా పక్కన సహాయ దర్శకుడు కాగితం పట్టుకుని డైలాగు ముక్కలు ముక్కలుగా అందిస్తాడు, ఆమె విని ముఖంలో భావం పెట్టి తిరిగి చెబుతుంది. దాన్నే ప్రాంప్టింగ్ అంటారు. ఆ తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో ఇంకో ఆడపిల్ల ఆ పెదవులకు గొంతు అరువిస్తుంది. మాట పుట్టిన దగ్గర్నుంచి మన చెవిన పడేదాకా నాలుగైదు చేతులు మారుతుంది. మూల కథ స్క్రిప్టు తరచూ ఇంకో భాష మీదుగా వస్తుంది కాబట్టి మొదటి చేయి కూడా ఆ ఊరిది కాదు. ఇన్ని చేతులు మారాక యాస మిగలాలంటే ఎవరో ఒకరు పట్టుబట్టాలి. పట్టుబట్టే తీరిక ఎవరికీ లేదు. ప్రకటనలిచ్చేవాళ్ల లెక్కలో తెలుగు మార్కెట్ అంటే రెండు రాష్ట్రాలే. శ్రీకాకుళానికీ ఆదిలాబాదుకూ ఒకేలా అర్థమయ్యే భాష కావాలంటారు, తిరువొత్తియూరు ఆ లెక్కలోకే రాదు.

ఇక పరాయి సంస్కృతి సంగతి. హల్దీ, మెహందీ, సంగీత్ మన పెళ్లిళ్లలోకి వచ్చేశాయి. నలుగు పెట్టి మంగళస్నానం చేయించే ఇళ్లలోనే ఇప్పుడు పసుపురంగు చీరలు కట్టుకుని హల్దీ అంటున్నారు. నాకు నలుగుపాటలే ఇష్టం, దాచుకోను. కానీ ఇందులో భయపడాల్సినంత కొత్తదనమేమీ లేదు. ఈ దేశంలో పెళ్లితంతు ఎప్పుడూ పక్క ఊరి పెళ్లి చూసి మారుతూనే వచ్చింది. తంతు మారినా ఆ ఇంట్లో మేనత్త ఎగతాళి చేసే తీరు, మేనమామను ఆటపట్టించే మాట మిగిలితే ఆ పెళ్లి మనదే. సీరియల్ పెళ్లిలో ఆ మాటలే ఉండవు. అందరూ ఒకే గొంతుతో శుభాకాంక్షలు చెబుతారు.

తెర ఒక యాసను ఎట్లా చూస్తుందో ఈ నగరంలోనే కనిపిస్తుంది. మద్రాసు భాష అనే మాట వినగానే తమిళులు నవ్వుతారు. ఈ నగరపు వీధి యాస అది. నాయన అనే తెలుగు పిలుపు అందులో నైనా అయింది. డబ్బును దుట్టు అంటారు, మన దుడ్డుకు చుట్టమే. గలీజు, బేజారు, నాష్టా ఉర్దూ, హిందుస్తానీల నుంచి వచ్చాయి, ఇంగ్లీషు ముక్కలు లెక్కలేనన్ని. కూలీలూ రిక్షావాళ్లూ బెస్తలూ కట్టుకున్న భాష ఇది. దీన్ని సినిమా తెర మీదికి ఎక్కించి జనానికి ఇష్టమయ్యేలా చేసినవాడు జె.పి. చంద్రబాబు, 1959 నాటి ‘సహోదరి’ సినిమాలో పాలవాడి వేషంలో. ఆయన సొంతూరు తూత్తుకుడి. పరాయి ఊరివాడు ఈ ఊరి యాస నేర్చుకుని దానికి గౌరవం తెచ్చాడు. తర్వాత తేంగాయ్ శ్రీనివాసన్, లూస్ మోహన్ ఆ బాట పట్టారు. అయితే తమిళ తెర ఆ యాసను ఎక్కువగా హాస్యానికీ రౌడీకీ కేటాయించి ఉంచింది. మన తెరమీద తెలంగాణ మాటకూ చాలాకాలం అదే గతి పట్టింది. పనిమనిషికీ విలన్ అనుచరుడికీ తప్ప కథానాయికకు ఆ మాట ఇచ్చేవారు కారు. ‘ఫిదా’ వచ్చాక, ‘బలగం’ వచ్చాక సినిమా ఆ తప్పు దిద్దుకుంది. ‘పుష్ప’ చిత్తూరు యాసను దేశమంతా తిప్పింది. ఆ సినిమాలో వినిపించే ఉండాది, వస్తా ఉండా లాంటి రూపాలే వడచెన్నై తెలుగుకు అతి దగ్గరివి. కాలడిపేట అవ్వ మాట్లాడింది అదే. థియేటర్లో చప్పట్లు కొట్టించుకున్న మాట ముందుగదిలోకి వచ్చేసరికి తప్పయిపోయింది, ఎందుకంటే ముందుగదిని ఏలేది సీరియల్.

ఇప్పుడు పిల్లలు కొరియన్ డ్రామాల వెంట పడ్డారని ఇళ్లలో ఫిర్యాదు. చెన్నైకి కొరియా కొత్త కాదు. 1990ల చివర్లో శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, 2006లో భారత్-కొరియా సాంస్కృతిక కేంద్రం ఇన్‌కో సెంటర్ వచ్చింది, పుదుయుగం ఛానెల్ కొరియన్ డ్రామాల్ని తమిళంలో వేసింది. ఇప్పుడు ఓటీటీలో తెలుగు డబ్బింగే దొరుకుతోంది. కాలేజీ పిల్లలు ఒప్పా, దేబక్ అంటున్నారు. 2021లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువే ఒకేసారి 26 కొరియన్ మాటల్ని చేర్చుకుంది, మన పిల్లల నోట్లో రెండు పడితే కొంప మునగదు. నన్ను కలవరపెట్టేది, మనవాళ్లు కొరియావాళ్ల దగ్గర ఏది నేర్చుకుంటున్నారు, ఏది వదిలేస్తున్నారు అన్న విషయం.

వానలో గొడుగు పట్టడం నేర్చుకున్నారు. ధనవంతుల కొడుకూ పేదింటి పిల్లా నేర్చుకున్నారు. స్లోమోషన్ అయితే ముందునుంచే ఉంది. కానీ 2012లో వచ్చిన ‘రిప్లై 1997’లో పాత్రలు మాట్లాడింది బుసాన్ నగరపు యాస, సియోల్ భాష కాదు. 2022లో ‘అవర్ బ్లూస్’ జెజు ద్వీపంలో జరుగుతుంది, అక్కడి పెద్దవాళ్ల మాట కొరియావాళ్లకే పూర్తిగా అర్థం కాదు. తీసినవాళ్లు ఆ మాటను మార్చలేదు, తమ దేశ ప్రేక్షకులకు తమ భాషలోనే సబ్‌టైటిల్ వేశారు. యునెస్కో 2010లో జెజు భాషను అంతరించిపోయే ప్రమాదంలో అన్నింటికన్నా తీవ్రమైన వరసలో పెట్టింది. అలాంటి మాటను దేశమంతా చూసే డ్రామాలో పెట్టి వినిపించారు. 2025లో వచ్చిన ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాన్జరీన్స్’ కొరియన్ పేరే జెజు మాటలో ఉంది. ప్రపంచమంతా చూసిన డ్రామా అది. యాస ఉంటే మార్కెట్ పోతుందనే మన ఛానెళ్ల భయానికి ఇంతకన్నా పెద్ద జవాబు ఏముంటుంది?

అరబ్బు దేశాల అనుభవం ఇంకా సూటిగా చెబుతుంది. 1990లలో లాటిన్ అమెరికా సీరియళ్లను అక్కడ గ్రాంథిక అరబిక్‌లో డబ్ చేసేవారు. చూసేవారు, అయినా ఆ పాత్రలు వార్తలు చదువుతున్నట్టు ఉండేవి. 2008లో తుర్కియే సీరియల్ ఒకటి ‘నూర్’ పేరుతో అరబిక్ ఛానెల్ ఎంబీసీలో వచ్చింది. ఈసారి డబ్బింగ్ సిరియా వీధుల్లో మాట్లాడే యాసలో చేశారు. మొరాకో నుంచి సౌదీ దాకా జనం ఊగిపోయారు. తుర్కియే మనుషులు, తుర్కియే ఇళ్లు, అయినా వింటున్నది డమాస్కస్ పక్కింటి మాట. పరాయి కథ సొంత కథ అయింది యాసతోనే.

మన దగ్గర ఈ పని చేయగలవాళ్లు లేరా అంటే, తమిళ సాహిత్యంలో యాసకు గుడి కట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే. ఇడైసెవల్ అనే నల్లరేగడి పల్లెలో పుట్టి, ఆ నేల మాటలకు నిఘంటువు తయారుచేసి, తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చిన కథను ‘గోపల్ల గ్రామం’గా రాశారు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పత్రికలు వెనక్కి పంపే మాటను ఆయన పట్టుబట్టి రాశారు. ఒక తెలుగింటి మనిషి తమిళ యాసకు చేసిన పనిని తెలుగు టీవీ తెలుగు యాసకు చేయలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

దగ్గరి ఉదాహరణ ఒకటుంది. విజయ్ టీవీలో 2023లో మొదలైన ‘సిరగడిక్క ఆసై’ చెన్నై కథ. కారు డ్రైవరు ముత్తు, పూలు కట్టే ఇంటి పిల్ల మీనా. అదే ఏడాది స్టార్ మాలో ‘గుండెనిండా గుడిగంటలు’గా తెలుగైంది, ముత్తు బాలు అయ్యాడు. కథ రాష్ట్రం దాటి వెళ్లింది. అసలు దాటనక్కర్లేకుండానే అదే కథ తిరువొత్తియూరులో తెలుగులో నడవగలదు. తేరడి దగ్గర పూలు కట్టే తెలుగామె ఉంటుంది. ఎన్నూరు హైరోడ్డు మీద కారు తోలే తెలుగబ్బాయి ఉంటాడు. ట్రాఫిక్ పోలీసుతో వాడు మాట్లాడేది శుద్ధమైన తమిళం. స్టాండులో స్నేహితుడితో “మచ్చీ, చేతిలో దుడ్డు లేదు, ఊరికే కలాయించొద్దురా” అంటాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ “అమ్మా, నైనా తిన్నాడా? ఈ మాత్రలు ఎవరికి తెచ్చి ఉండారు?” అంటాడు. ఆ పిల్లతో మొదటిసారి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఏ భాష ఎత్తుకోవాలో తెలియక తడబడతాడు, ఎందుకంటే ఆమెది కూడా తెలుగిల్లేనని వాడికింకా తెలియదు. ప్రేమకథకు ఇంతకన్నా మంచి మొదటి ఎపిసోడ్ నాకు తోచడం లేదు.

ఒక ఛానెల్ కనీసం ఒక్క పాత్రకైనా ఈ మాట ఇచ్చి చూడాలి. ప్రాంప్టింగ్ చేసే కుర్రాడి పక్కన ఆ యాస తెలిసిన ఇంకొక మనిషిని కూర్చోబెడితే సరిపోతుంది, దానికయ్యే ఖర్చు ఒక సీరియల్ పెళ్లిమంటపం పూలపాటి చేయదు. వడపళని, సాలిగ్రామం వైపు డబ్బింగ్ థియేటర్లలో ఈ తెలుగు పలకగల గొంతులున్నాయి. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఇదే. ఇన్నాళ్లుగా మైకు ముందుకు రాగానే దాన్ని దాచిపెట్టుకోవడమే వాళ్ల ఉద్యోగమైంది.